నాలుగింటి బండి

రేవు పట్నం బస్టాండు. ఉదయం పదిన్నర. బావా బావమరిది అప్పుడే బస్సు దిగారు.

"అదే నేనూ అంటున్నా. దాన్ని కూడా తీసుకొస్తే పోయేది కదరా. సముద్రమంటే పడి చస్తుంది మీ అక్క."

"తలనొప్పి అంది కదా బావా."

"నాతో నడుం నొప్పి అంది."

"రెండూ ఉన్నాయేమో."

"ఉంటాయి ఉంటాయి. బడిలో ఆరుగంటలు నిలబడి చేతులతో పాఠాలు చెప్తుంది. చెవిటి పిల్లలకి చెప్పడమంటే మాటలా? నొప్పులు రాక చస్తాయా. ఒరేయ్ చిట్టీ, ఆ ఫోను జేబులో పెట్టరా బాబూ. బస్సెక్కిన దగ్గర్నుంచీ దాన్నే చూస్తున్నావు."

"షాపు నుంచి మెసేజ్ బావా."

"ఆదివారం మీ షాపు మూత కదా."

"ఓనరు. స్టాకు గురించి అడుగుతున్నాడు."

"అడగనీ. వారమంతా ఊళ్ళో ఫోన్లన్నీ విప్పి బిగిస్తావు, ఒక్క రోజు కళ్ళకి సెలవివ్వు. ముందు తిరుగు బస్సులెప్పుడో చూద్దాం పద."

"ఇప్పుడేగా దిగాం!"

"నా సంగతి నీకు తెలియందా? ఏ బిల్డింగులోకి వెళ్ళినా ముందు మెట్లెక్కడున్నాయో చూసుకుంటా."

"లిఫ్టు మెకానిక్కువి. నువ్వే మెట్లు వెతుక్కుంటే జనం ఏమైపోవాలి బావా."

"లిఫ్టు సంగతి తెలిసినవాడే మెట్లు వెతుక్కుంటాడు. ఇదిగో బోర్డు. ఒంటిగంటకొకటి, మూడింటికొకటి, అయిదున్నరకి ఆఖరిది. ఒంటిగంట దానికి వెళ్ళిపోదాం."

"ఒంటిగంటకా?"

"రెండు గంటల ప్రయాణం. మూడింటికల్లా ఇంట్లో ఉంటాం. దానికి కాస్త తోడుగా ఉన్నట్టూ ఉంటుంది."

"వద్దు బావా. అంటే... పడవ టికెట్లు కొనేశా. పన్నెండింటికి పడవ. రెండు గంటలు తిప్పుతారట. పక్షుల గుట్ట, సీళ్ళు, డాల్ఫిన్లు. ఆ టికెట్లు తిరిగిస్తే తీసుకోరు."

"ఎప్పుడు కొన్నావు?"

"నిన్న. ఫోన్లో."

"నాకు సముద్రమంటే కడుపులో తిప్పుతుందని తెలిసీ కొన్నావా?"

"గాలికి పోతుందిలే బావా. అయిదున్నర బస్సుకి వెళ్దాం. హాయిగా, తీరిగ్గా. ఎన్నాళ్ళైంది మనిద్దరం ఇలా వచ్చి?"

"ఇద్దరం ఇలా ఎప్పుడొచ్చాంరా? పెళ్ళైన కొత్తలో మీ అక్కని సినిమాకి తీసుకెళ్తే మధ్య సీట్లో నువ్వుండేవాడివి. పదేళ్ళవాడివి. పెళ్ళికూతురితో పాటు నిన్నూ ఇంటికి తెచ్చుకున్నా."

"అందుకే కదా ఇవాళ నేను తీసుకొచ్చా."

"సరే. నీ ఇష్టం. నడు. ఇవాళ నువ్వెటు తిప్పితే అటు తిరుగుతా."

పడవలో. మధ్యాహ్నం పన్నెండు దాటింది. పడవ నడిపేది ఒక ముసలి సరంగు.

"అదే బాబూ పక్షుల గుట్ట. తెల్లగా కనిపిస్తోంది కదా, సున్నం కాదది, రెట్ట. ఆ అంచు మీద నల్లగా రెక్కలు చాపుకుని నిలబడ్డాయే, అవి నీటికాకులు. మునిగి చేపలు పడతాయి. రెక్కలు తడిసి బరువెక్కుతాయి. అలా ఆరబెట్టుకుంటే గానీ మళ్ళీ పనికి రావు."

"చూడరా చిట్టీ, దండెం మీద బట్టలారేసినట్టు ఎలా ఉన్నాయో!"

"ఆఁ. బాగున్నాయి బావా."

"గుట్ట ఇటుంటే అటు చూసి బాగున్నాయంటావేం?"

"ఇటూ చూశా."

"నువ్వు చూసేది నీ చేతిలో ఫోను. సముద్రం మధ్యలో కూడా ఓనరు వదల్లేదా?"

"సిగ్నల్ పోయింది బావా. అదే చూస్తున్నా."

"పోతే పోయింది, నీ ప్రాణం పోయినట్టు ఆ మొహమేంటి? ఏం సరంగూ, డాల్ఫిన్లేవీ? టికెట్టు మీద ఇంత బొమ్మ వేశారు, మూడు డాల్ఫిన్లు గాల్లోకి లేస్తున్నాయి."

"బొమ్మ వేసినాయన డాల్ఫిన్లని అడిగి వేశాడా బాబూ? వస్తే వస్తాయి. లేకపోతే సీళ్ళున్నాయి, అవి ఎక్కడికీ పోవు. అదిగో, ఆ నల్ల బండ మీద."

"అవా! సీలంటే కవరు మీద వేసేదే తెలుసు నాకు. అబ్బో, ఆ పొట్టలేంటి, ఆ దొర్లడమేంటి! ఆదివారం మధ్యాహ్నం మా అపార్ట్‌మెంటు మగాళ్ళు అచ్చం ఇలాగే ఉంటారు. చిట్టీ, ఫోటో తియ్యి. మీ అక్కకి చూపిద్దాం."

"తీశా బావా."

"తియ్యలేదు. ఫోను జేబులో పెట్టేసి ఎలా తీశావు?"

"ఇదిగో, తీస్తున్నా."

"ఆ చివర చిన్నదొకటి ఒంటరిగా ఉందేం సరంగూ? మిగతావన్నీ ఒకదాని మీదొకటి పడుకుంటే."

"పిల్ల బాబూ అది. దాని తల్లి వేటకెళ్ళింది."

"నోరు తెరుస్తోంది. అరుస్తోందా?"

"పొద్దున్నుంచీ అరుస్తూనే ఉంది. గాలి మన వైపు నుంచి అటు వీస్తోంది కాబట్టి మనకి వినపడట్లేదు."

"దగ్గరికి పోనివ్వండి, పాపం."

"పోకూడదు. మనం దగ్గరికెళ్తే బెదిరి నీళ్ళల్లో పడుతుంది. తల్లి దూరం వెళ్ళాల్సిందే. ఈ చుట్టుపక్కల చేపలెక్కడివి? పిల్ల ఏడుపు వినపడేంత దగ్గర్లో తిరిగే తల్లుల్ని చూశాను నేను. రెండుసార్లు మునుగుతుంది, ఏడుపు వినపడుతుంది, వెనక్కొచ్చేస్తుంది. ఆకలితోనే వచ్చేస్తుంది."

"ఆకలితోనే."

"మరి? పాలెక్కడినుంచొస్తాయి? ఇద్దరికీ ఆకలే."

"బావా, కడుపులో తిప్పుతోందా?"

"లేదురా. చూస్తున్నా."

"బాబూ, గట్టిగా పట్టుకోండి. గాలి మారింది. వెనక్కి తిప్పేస్తున్నా."

"వెనక్కా? అదేంటి సరంగూ, రెండు గంటలన్నారుగా! ఇంకా ముప్పావుగంట కూడా కాలేదు!"

"ఆ మబ్బు చూశావా నాయనా?"

"చిన్న మబ్బే కదా. కాసేపు ఇక్కడే ఆగుదాం. ఈ గుట్ట చాటున ఆగుదాం. టికెట్టు రెండు గంటలకి కొన్నా నేను!"

"పడవ తిరగబడితే రెండు గంటలేం ఖర్మ, ఎల్లకాలం ఇక్కడే ఉండొచ్చు. కూర్చో నాయనా."

"కూర్చోరా చిట్టీ. సరంగు మాట వినాలి. గట్టు మీద కూడా రెండు గంటలుంటాయి."

రేవు గట్టు. పడవల పక్కన, చేపలు కోసే బల్లల దగ్గర. రెండు గంటలు కావస్తోంది.

"ఒంటిగంట బస్సు పోయింది. హోటల్లో అంత సేపు కూర్చోబెట్టావు. ఒరేయ్, అంత నెమ్మదిగా నమలడం ఎప్పుడు నేర్చుకున్నావు? చిన్నప్పుడు కంచం నీ ముందు పెట్టి నీళ్ళకి వెళ్ళొచ్చేలోపు ఖాళీ చేసేవాడివి."

"ముద్దకి ముప్పైసార్లు నమలాలట బావా. డాక్టరు చెప్పాడు."

"ఏ డాక్టరు?"

"టీవీలో."

"ఓహో. పోనీ, మూడింటి బస్సుంది. ఇంకా గంట... అదేంట్రా, ఆ గూడబాతు చూడు."

"ఏది?"

"ఆ తాళ్ళు కట్టే దిమ్మ పక్కన. మిగతావన్నీ చేపముక్కల కోసం బల్ల మీద పడి కొట్టుకుంటుంటే అదొక్కటే దూరంగా నిలబడింది. ఎడమ రెక్క దించేసింది చూడు. ఏమ్మా, చేపలు కోసే తల్లీ, ఆ గూడబాతుకి ఏమైంది?"

"గాలపు దారం చుట్టుకుంది బాబూ. ఎవరో గాలం తెగితే వదిలేసి పోయారు. నాలుగు రోజులైంది. ముక్కు కింద సంచీకి ఒక చుట్టు, రెక్కకి రెండు చుట్లు. నోరు పూర్తిగా తెరవలేదు, ఎగరనూ లేదు."

"ఎవరికీ చెప్పలేదా అమ్మా?"

"చెప్పకేం. పక్షుల్ని చూసే ఆఫీసు వాళ్ళకి ఫోన్ చేశాం. గురువారం వస్తామన్నారు."

"ఇవాళ ఆదివారం!"

"వాళ్ళ దగ్గర కూడా క్యాలెండరు ఉండే ఉంటుంది బాబూ."

"చిట్టీ, నా జేబులో కటింగ్ ప్లయర్ ఉంది. ఒక్క నిమిషం పని. ఒక చేప ఇవ్వమ్మా."

"బావా, వద్దు. ఆ ముక్కు చూశావా, నా చెయ్యంత ఉంది."

"ఇరవై రెండేళ్ళుగా లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళని బయటికి లాగుతున్నా. ఇరుక్కున్నవాళ్ళు తిడతారు, కొడతారు, ఒకావిడ కొరికింది కూడా. బయటపడ్డాక దణ్ణం పెడతారు. నువ్వు వెనక్కి జరుగు, నీ నీడ పడుతోంది. రా తల్లీ. రా. కంగారు పడకు, ఇదిగో చేప. ఇంకాస్త. ఇదిగో, ఇదిగో... అరెరె!"

"చేప లాక్కుని పోయింది."

"నా చెయ్యి దారం దాకా వెళ్ళింది చూశావా? తగిలింది కూడా. ఇంకో చేప ఇవ్వమ్మా."

"ఇందాకే ఒకటిచ్చాను బాబూ."

"ఇంకొక్కటి. ఈసారి కింద కూర్చుని చూస్తా."

"ఇంక ఇవ్వను. దానికి చేప కావాలి గానీ మీ చెయ్యొద్దు."

"నేను పట్టుకుంటే ఒక్క నిమిషంలో విడిపిస్తానమ్మా!"

"పట్టుకోబోతేనే కదా అది గింజుకునేది. నిన్న ఒకాయన, మీలాగే మంచాయన, పైన దుప్పటి వేశాడు. అది తన్నుకుంటే దారం ఇంకా లోపలికి దిగింది. మొన్న ఇంకొకాయన వల తెచ్చాడు. మంచోళ్ళు తలా ఒక చెయ్యి వేసేసరికి దానికి ఈ గతి పట్టింది."

"మరి చూస్తూ ఊరుకోమంటారా?"

"చూడలేకపోతే అటు తిరగండి. నేను చేస్తున్నదీ అదే."

"అదిగో, మెట్ల వైపు వెళ్తోంది. మెట్ల మూలకి పోతే అక్కణ్ణుంచి కదల్లేదు. చిట్టీ, నువ్వటు నుంచి రా!"

"బావా, పరిగెత్తకు! అక్కడంతా తడి! బావా, జారతావు! వదిలెయ్ బావా... బావా! ఏమైంది? ఎందుకలా కూర్చుండిపోయావు?"

"నీళ్ళల్లోకి దూకేసింది."

"దాన్ని వదిలెయ్. నీకేమైంది?"

"ఏం లేదు. ఛాతీ దగ్గర కాస్త... పట్టేసింది."

"ఛాతీనా?"

"నీళ్ళివ్వు."

"బావా, వద్దు. ఈసారి వద్దు బావా. నీ కాళ్ళు పట్టుకుంటా, ఈ ఒక్కసారికి వద్దు."

"ఏంటి వద్దు? చిట్టీ, ఈసారి వద్దంటే ఏంటి?"

"ఏం లేదు. ఆటో పిలుస్తా. ఆస్పత్రికి వెళ్దాం. అక్కకి ఫోన్ చేస్తా. చెయ్యనా? చెయ్యకూడదు. చెయ్యకపోతే ఎలా? నాకేం తోచట్లేదు బావా. చెయ్యి లాగుతోందా? ఎడమ చెయ్యి? చెమటలు పట్టాయే నీకు!"

"పరిగెత్తితే చెమట పట్టదా? ఇలా కూర్చో. నా వైపు చూడు. ఇది ఒగర్పు, అంతే. నలభై ఎనిమిదేళ్ళవాడు పక్షి వెంట పడితే ఒగర్పు రాదా?"

"నిజంగా?"

"నిజంగా. ఆ మూడుసార్లకీ దీనికీ తేడా నాకు తెలుసు."

"ఏ మూడుసార్లు?"

"నువ్వు ఈసారి వద్దన్నావే, దాని ముందు మూడుసార్లు."

గట్టు చివర సిమెంటు బల్ల. మూడున్నర.

"తగ్గిందా బావా?"

"ఎప్పుడో తగ్గింది. మూడింటి బస్సు పోయింది, చూశావా? ఇంక నువ్వు నాటకాలాడక్కర్లేదు. ఫోను బయటికి తీసి దర్జాగా చూసుకో."

"నీకు తెలుసా?"

"ఊఁ."

"ఎప్పణ్ణుంచి?"

"పొద్దున్న మంచినీళ్ళకని ఫ్రిజ్ తలుపు తీశా. తొమ్మిది డబ్బాలు. ఒక్కోదాని మీద చీటీ. ఆదివారం రాత్రి, సోమవారం పగలు, సోమవారం రాత్రి... అలా గురువారం రాత్రి దాకా. సాయంత్రానికి తిరిగొచ్చే మొగుడికి అన్ని డబ్బాలు ఎందుకురా?"

"అక్కకి చెప్పాను, చీటీలు అంటించొద్దని."

"అంటించకపోతే నేను ముందు గురువారంది తినేస్తానని దాని భయం."

"తెలిసీ నాతో ఎందుకొచ్చావు బావా?"

"ఇంట్లో ఉంటే నేనేం చేస్తానో నాకు తెలుసు కనక. ఆ దూరపు ఊరి చెవిటి పిల్లల బడివాళ్ళు మొదటిసారి ఉద్యోగానికి రమ్మన్నప్పుడు మీ అక్క నన్ను కూడా రమ్మంది. అక్కడా లిఫ్టులుంటాయి, అక్కడా చెడిపోతాయి అంది. నవ్వుతూ అంది. నేను ఆలోచిద్దామన్నా. ఆ వారమే ఛాతీ నొప్పి. ఆస్పత్రిలో ఈసీజీ తీశారు, గుర్రంలా ఉన్నావన్నారు. రెండో ఏడు మళ్ళీ పిలిచారు. మళ్ళీ నన్ను రమ్మంది. మళ్ళీ నొప్పి. మూడోసారి పెట్టె గుమ్మం దాటింది. నేను గుమ్మంలో కూలబడ్డా. అది పెట్టె వదిలేసి నా తల ఒళ్ళో పెట్టుకుంది."

"నేను అక్కడే ఉన్నా బావా."

"అప్పుడు కూడా ఈసీజీ బాగానే వచ్చింది. నేను దొంగనొప్పి తెచ్చుకున్నానని నువ్వనుకుంటున్నావు."

"నేనలా అనలేదు."

"ఇందాక నీ మొహం అంది. తెచ్చుకోలేదురా. అదే నా ఖర్మ. నిజంగానే వస్తుంది. దాని పెట్టె చూస్తే చాలు, ఇక్కడ ఎవరో కూర్చున్నట్టుంటుంది. మనసుకి చెప్తే వింటుంది గానీ ఒంటికి ఏం చెప్తాం? అందుకే నువ్వు పిలవగానే చెప్పులేసుకున్నా. పెట్టె కనపడనంత దూరం పోతే రాదేమోనని."

"మరి బస్టాండులో ఒంటిగంట బస్సన్నావు?"

"అన్నా. అప్పుడు నిజంగానే వెళ్ళిపోదామనుకున్నా. మూడింటికి ఇంట్లో ఉంటే నాలుగింటి రైలుబండికి అది ఎక్కదు. నా నోరు నా మాట వినలేదు. నువ్వు పడవ టికెట్లన్నావు చూడు, అప్పుడు నిన్ను కొట్టాలనిపించింది, దణ్ణం పెట్టాలనీ అనిపించింది."

"బండి టైము కూడా తెలుసా నీకు?"

"ఆ ఊరికి పగలు ఒకటే బండి. మూడేళ్ళుగా దాని టైము నాకు కంఠతా వచ్చు."

"నన్ను క్షమించు బావా. నీ చేతి అన్నం తిని పెరిగి, నీ కళ్ళల్లోకి చూస్తూ అబద్ధాలు చెప్పాను."

"నా కళ్ళల్లోకి ఎక్కడ చూశావు? ఫోన్లోకి చూస్తూ చెప్పావు."

"నేనేం చెయ్యను? అక్క అడిగింది. నాలుగింటిదాకా ఎలాగైనా ఆపు, ఇంకేం అడగను నిన్ను అంది. నేను కుదరదన్నా. అప్పుడేమందో తెలుసా? ఆయన చెడ్డవాడైతే నీ సాయం అడిగేదాన్నా, నేనే ఎప్పుడో వెళ్ళిపోయేదాన్ని అంది. ఆయన మంచివాడురా, అదే నన్ను చంపుతోంది అంది."

"అలా అందా?"

"ఏడ్చింది కూడా. నువ్వూ తనతో వెళ్ళొచ్చు కదా బావా. ఇప్పుడైనా. వారం పోయాక బట్టలు సర్దుకుని వెళ్ళు. నేను దిగబెడతా."

"ఈసారి రమ్మనలేదురా."

"అసలు అడగనే లేదా?"

"మూడుసార్లు పిలిచింది. ఈసారి పిలవలేదు. డబ్బాల మీద అన్ని చీటీలు రాసింది కదా, ఎక్కడైనా ఒక్క ముక్క ఉంటుందేమోనని తొమ్మిదీ తీసి అడుగున కూడా చూశా. టైమెంతైంది?"

"నాలుగుకి రెండు నిమిషాలు."

"ఊఁ."

"గాలి చల్లగా వస్తోంది బావా. లేద్దామా?"

"కూర్చో. ఇప్పుడు?"

"నాలుగు దాటి మూడు."

"కదిలుంటుంది."

"కదిలే ఉంటుంది బావా."

"కిటికీ పక్క సీటేనా?"

"కిటికీ పక్కే. నేనే బుక్ చేశా."

"మంచి పని చేశావు. దానికి కిటికీ లేకపోతే ఊపిరాడదు... నువ్వటు వెళ్ళి ఆ పడవలు చూసి రారా కాసేపు."

"నేనెక్కడికీ వెళ్ళను. ఏడిస్తే ఏడువు బావా. నేనేం అనుకోను."

"ఇక్కడైతే ఏడవొచ్చు కదరా? ఇక్కణ్ణుంచి దానికి వినపడదు."

మళ్ళీ బస్టాండు. అయిదున్నరకి అయిదు నిమిషాలుంది. ఆఖరి బస్సు ఇంజను తిరుగుతోంది.

"ఇంటికెళ్ళాక ఏం చెయ్యాలిరా?"

"ఏముంది బావా. స్నానం చేసి తినడమే."

"అది కాదు. తాళం తీస్తాం. లోపలికెళ్తాం. లైటు వేస్తాం. ఆ తర్వాత?"

"నేను నీతోనే ఉంటా. ఈ వారమంతా మీ ఇంట్లోనే పడుకుంటా."

"సోమవారం డబ్బా ఇద్దరికి చాలదు."

"నేను బయట తినొస్తాలే. ఎక్కు బావా, సీట్లు నిండిపోతాయి... ఆగు, ఫోను. అక్క."

"బండిలోంచి చేస్తోందేమో. ఎత్తు. నేను పక్కన లేనని చెప్పు. ఎత్తరా!"

"హలో. చెప్పక్కా. ఎంతవరకు వెళ్ళావు?... ఎక్కడ?... ఎందుకు?... అక్కా, ఏడవకు. ఏడిస్తే నాకేం అర్థం కావట్లేదు. నెమ్మదిగా చెప్పు... ఊఁ... ఊఁ... బావకేం కాలేదు, బాగానే ఉన్నాడు... ఉండు, ఒక్క నిమిషం. బావా, మ్యూట్‌లో పెట్టా, మన మాట అక్కకి వినపడదు."

"ఏమైంది? దానికేమైనా అయిందా?"

"ఇంట్లో ఉందట."

"ఏ ఇంట్లో?"

"మీ ఇంట్లోనే. ఆటోలో పెట్టె పెట్టించి, తలుపు వెయ్యడానికి వెనక్కొచ్చిందట. నీ బీపీ మాత్రల పెట్టె టీవీ మీద కనపడిందట. పొద్దున్న వేసుకోలేదు, రాత్రికీ లేవు, ఆయనకి దారిలో ఏమైనా అయితే అని కాళ్ళు కదల్లేదట. అలాగే కూర్చుండిపోయింది. బండి వెళ్ళిపోయింది. ఎప్పటికి వస్తారు, వేడిగా ఏమైనా వండనా అని అడుగుతోంది. బావా, నిజం చెప్పు. ఆ మాత్రలు కావాలనే వదిలేసొచ్చావా?"

"లేదురా!"

"నా మీద ఒట్టు?"

"చెప్పులేసుకున్నా. పర్సు తీసుకున్నా. ఆదివారం కూడా ప్లయర్ తీసుకున్నా. అది మాత్రం... టీవీ ముందు నుంచే కదా నడిచొచ్చా... తెలీదురా చిట్టీ. వదిలేశానో మర్చిపోయానో నాకే తెలీదు. ఒట్టు పెట్టమంటే ఎలా పెట్టను?"

"పెట్టె ఇంకా విప్పలేదట. ఎనిమిదింటికి ఇంకో బండి ఉంది."

"అవును. ఎనిమిదింటిది. మనం ఏడున్నరకి ఇంట్లో ఉంటాం."

"నిన్ను చూశాక ఇంక వెళ్ళదు బావా."

"నేను చూశాక వెళ్ళనివ్వను కూడా. గుమ్మంలోనే మొదలవుతుంది నాకు."

"ఏం చెప్పమంటావు? ఎదురుచూస్తోంది అవతల."

"ఏవండీ, నీలం చొక్కా ఆయనా! మీరిద్దరూ ఎక్కుతారా లేదా? ఆఖరి బస్సు ఇదే, మళ్ళీ నన్ననకండి!"

"ఎక్కుతున్నాం కండక్టరుగారూ, ఒక్క నిమిషం! బావా, తొందరగా చెప్పు."

"ఫోనివ్వు."

"ఏం చెప్తావు?"

"మ్యూట్ తీసి ఇవ్వరా... ఆఁ, నేనే. ఏడవకు ముందు. మాత్రలా? ఇక్కడ మందుల షాపులో కొనుక్కుని మధ్యాహ్నమే వేసుకున్నా... రాత్రిది కూడా జేబులో ఉంది... ఛాతీకేం? నిక్షేపంగా ఉంది... చూశాం, సీళ్ళని చూశాం, గూడబాతుల్ని చూశాం. చిట్టిగాడు ఫోటోలు తీశాడు... వండొద్దు. వండొద్దంటే వినవేం?"

"రైట్ చెప్పేస్తున్నానండీ! ఎక్కండి, ఎక్కండి!"

"ఆ అరుపా? ఎవరో చేపలమ్మేవాడులే. నే చెప్పేది విను. మా ఆఖరి బస్సు ఇందాకే వెళ్ళిపోయింది, రేపు పొద్దున్నదాకా ఇంకోటి లేదు, నేను రాత్రికి రాను. నువ్వు ఎనిమిదింటి బండికి వెళ్ళు."